నూట పద్దెనిమిది దగ్గర గీత

ఒరే అబ్బాయ్,
పిన్ని దీవెనలు. కొత్త కుట్టుమిషను కోసం దాచిన డబ్బుతో, నీ మాట విని ఎనభైకి కొన్నానే బిస్కెట్ల కంపెనీ షేర్లు, అవి నూట నలభై దాకా ఎక్కి నూట ఇరవై ఆరుకు దిగాయి. అమ్మేయనా? షేర్ల ఆఫీసులో కూర్చునేవాడివి, నువ్వే చెప్పు.
పిన్ని
తా.క.: దిగులుతో మీ బాబాయి రాత్రి అన్నం మానేశారు. పొద్దున రెండింతలు తిన్నారు.

పిన్నికి నమస్కారాలు.
కంగారు పడకు. ఎక్కే ధర మధ్యలో ఊపిరి తీసుకుంటోంది, అంతే. పోయినసారి నూట పద్దెనిమిది దగ్గర ఆగి లేచింది. అక్కడ గీత గీసుకో. షేర్లు అమ్మేవాళ్లు పలచగా ఉండి, ధర గీత పైనే నిలిస్తే ఈ దిగుడు తాత్కాలికం. లేచినా పాత ఎత్తు అందుకోక, జోరుగా అమ్మకాలతో గీత దాటి పడితే మాత్రం దారి మళ్లినట్టే. ఆలోచించకుండా అమ్మేయ్. నేనూ అవే నూట ఇరవైకి కొన్నాను.
నీ అబ్బాయి
తా.క.: బాబాయి ఆకలిది కూడా తాత్కాలిక దిగుడే.

ఒరే అబ్బాయ్,
క్యాలెండరు మీద గీత గీశాను. ధర నూట ఇరవై ఒకటికి దిగి, నూట ముప్పై ఒకటికి లేచి, మళ్ళీ జారుతోంది. ఇంకో మాట. ఆ కంపెనీ పనివాళ్ల యూనిఫాంలు కుట్టేది నేనేగా. ఏటా మూడొందల జతలు. ఈసారి తొంభై చాలన్నారు.
పిన్ని
తా.క.: మిగిలిన ఖాకీ గుడ్డతో మీ బాబాయికి ప్యాంట్లు కుట్టాను. నిన్న ఎవరో వచ్చి ఆయన్నే "ఇంటాయన ఉన్నారా?" అని అడిగారు.

పిన్నికి నమస్కారాలు.
గుండీలు లెక్కపెట్టి షేర్లు చూస్తారా ఎవరైనా? పాత యూనిఫాంలు ఇంకా చిరగలేదేమో! ధరల చార్టు చెప్పేదే నిజం. ధైర్యంగా ఉండు.
నీ అబ్బాయి
తా.క.: నేను ఇంకో యాభై షేర్లు కొన్నాను.

ఒరే అబ్బాయ్,
మంగళవారం నూట పదిహేడు. ఇక్కడి షేర్ల కౌంటరు దగ్గర అమ్మేవాళ్ల తోపులాట. నువ్వు ఆలోచించొద్దన్నావుగా, ఆలోచించలేదు, అమ్మేశాను. కొత్త మిషను వచ్చేసింది. చప్పుడే లేదు! నీ చదువు ఊరికే పోలేదురా.
పిన్ని
తా.క.: నువ్వు ఎంతకి అమ్మావని మీ బాబాయి అడుగుతున్నారు.

పిన్నీ,
నేను అమ్మలేదు. నూట పద్దెనిమిది గీత చెరిపి నూట పది దగ్గర గీశాను. అదీ దాటితే నూరు దగ్గర. ప్రతిసారీ తాత్కాలికమే అనుకున్నాను. నీకు చెప్పడం ఎంత తేలికగా ఉండిందో! ఇవాళ నా టేబులు మీదున్న నీ ఉత్తరం మేనేజరు చదివారు. "ఎవరయ్యా ఈ పిన్నిగారు? మన ఆఫీసులో చేరతారేమో అడుగు, నీ సీటు ఇద్దాం" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నేను నవ్వలేకపోయాను. లేచి వెళ్ళి తొంభై ఐదుకు అన్నీ అమ్మేశాను. డబ్బు తగ్గింది, గుండెదడా తగ్గింది.
నీ అబ్బాయి
తా.క.: బాబాయికి మాత్రం నేనూ నూట పదిహేడుకే అమ్మానని చెప్పు.