క్లచ్ తొక్కలేనిది నేనే

మార్కాపురం

తమ్ముడు కరుణాకరానికి,

నిన్న నీ షెడ్డులో అందరి ముందూ, "కారు మీ వదిన వసుంధర నడపాల. ఆడమనిషికి క్లచ్ ఎందుకు? ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేయి" అన్నాను. స్త్రీల సమానత్వం మీద వేదికలెక్కి అరిచేవాణ్ణి! నువ్వూ తలూపావు. నీతో పోట్లాడదామంటే ముందు నాతో నేను పోట్లాడాలి.

నిజానికి పాడైంది నా ఎడమ మోకాలు. మొన్న గిద్దలూరు ఘాట్‌లో అది క్లచ్ తొక్కనని మొండికేస్తే, ఆ పాత స్పోర్ట్స్ కారును ఇంటిదాకా తోలింది వసుంధరే.

షెడ్డు నుంచి వచ్చేటప్పుడు, "మోకాలు నొప్పి అంటే ఏం పోతాదయ్యా? నన్నెందుకు అడ్డం పెట్టుకుంటివి?" అనింది. ఎవరితోనైనా వాదించే నేను, ఆమెతో వాదించకుండా నీకీ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఇంజను బలాన్ని చిన్న కార్ల గేర్‌బాక్స్ తట్టుకోదన్నావుగా, పెద్దదే వేయి. కారు తీసుకోవడానికి ఇద్దరం వస్తాం. ఎవరి కోసం మార్పించావని అందరి ముందూ అడుగు. ఆమె వింటుండగా నిజం నేను చెప్పాలి.

నీ అన్న