వదిలేసిన బంతులు

నవంబర్ 9, శనివారం
ఇవాళ్టి బేస్‌బాల్ ఆటలో ఎలాదియో నాలుగుసార్లు బ్యాటింగ్‌కి దిగాడు. మూడుసార్లు మొదటి బంతినే బాదబోయి క్యాచ్ ఇచ్చాడు. ఇంటికొచ్చి అరటికాయ ముద్ద రెండు ప్లేట్లు తిన్నాడు. ఆకలి తగ్గలేదు, అదే సంతోషం.

నవంబర్ 10, ఉదయం ఆరు
పదిహేడేళ్లుగా నా భర్త ఎలాదియో ఆడే ప్రతి ఆటా రేడియోలో విని నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఏ బంతి కొట్టాడు, ఎటు పోయింది, ఏది వదిలేశాడు. ఇవాళ పాతవీ కొత్తదీ మంచం మీద పరిచి చూశాను. ముప్పై ఏళ్లప్పుడు వేగంగా వచ్చిన బంతిని ఎడమవైపు కొట్టేవాడు. ఇప్పుడు ముప్పై తొమ్మిది. అదే బంతి కుడివైపు గీత బయట పడి వృథా అవుతోంది. బ్యాట్ ఆలస్యంగా వస్తోందన్నమాట. కానీ ఆయన వదిలేసిన బంతుల్లో పదికి తొమ్మిది చెడ్డవే, కొట్టే హద్దుకి బయట పడ్డవే. చేతులు ముసలివయ్యాయి, కళ్లు కాలేదు.

నవంబర్ 12
జట్టు మేనేజర్ ఫ్రెమియో పిలిచాడట. డిసెంబర్ మొదటి ఆదివారం దాకా చూస్తాను, తర్వాత నీ చోట్లో కొత్తవాణ్ణి దింపుతాను, ఏమీ అనుకోకు ముసలోడా, అన్నాడట.

నవంబర్ 13
చెప్పేశాను. నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే బ్యాట్ ఊపకుండానే మొదటి బేస్‌కి నడిచిపోవచ్చు కదా, నడువు అన్నాను. నడవడానికైతే పోస్ట్‌మాన్ ఉద్యోగమే చేసేవాణ్ణి నెరెయిదా, అన్నాడు. మా ఊరు సాన్ పెద్రోలో అంతే. ఊపి అవుటైతే జాలిపడతారు, నడిస్తే నవ్వుతారు. గోడ అవతల నుంచి మా వదిన బ్రిహిదా, అంత నడవాలనుంటే చర్చికి నడవమను మా తమ్ముణ్ణి, అక్కడెవరూ అవుట్ చెయ్యరు, అని కేకేసింది. నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు.

నవంబర్ 17
మొదటి బంతికే ఊపాడు. అవుట్.

నవంబర్ 24
అడగకుండానే నోట్‌బుక్‌లు తీశాడు. నేను బీన్స్ ఏరుతున్నంతసేపూ చదివాడు. ఇదంతా నేనేనా అన్నాడు. నువ్వే అన్నాను. ఇంత బాగా రాస్తావని తెలీదు అన్నాడు. పదిహేడేళ్లకి!

నవంబర్ 27
రెండుసార్లు నడిచాడు. తాతా, అది బ్యాటా, చేతికర్రా, అని ఎవరో అరిచారట. చెబుతూ తనే నవ్వాడు. మూడోసారి మంచి బంతి పడేదాకా ఆగి, ఎడమవైపు కొట్టాడు. ఎడమవైపు అని రాసేటప్పుడు పెన్ను కాస్త గట్టిగా నొక్కాను.

డిసెంబర్ 1, ఆదివారం సాయంత్రం
ఫ్రెమియో ఇచ్చిన గడువులో ఆఖరి ఆట ఇది. రేడియో కట్టేసి స్టేడియానికే వెళ్లాను, వదినతో. చివర్లో స్కోరు సమానం. మూడు బేస్‌ల మీదా మనవాళ్లే, ఎలాదియో బ్యాటింగ్. ఆయన నడిస్తే అందరూ ఒక్కో బేస్ ముందుకు జరుగుతారు, మూడో బేస్ మీదవాడు లోపలికొస్తాడు, ఒక పరుగు, గెలుపే. మూడు చెడ్డ బంతులు వదిలాడు. రెండు మంచివి ఊపినా తగల్లేదు, మూడోదీ తగలకపోతే అవుట్. ఇంకొక్క బంతి. ఊపరా చచ్చినోడా, అని వదిన నా భుజం పట్టుకుని అరుస్తోంది. స్టేడియమంతా అదే అరుపు. ఇది రాస్తుంటే ఇంటినిండా జనం, కాఫీ అడుగుతున్నారు. మిగతాది రేపు.

డిసెంబర్ 2
ఆ ఆఖరి బంతి వేలెడంత బయట పడింది. ఆయన ఊపలేదు. సీజన్ ముగిసే జనవరి దాకా ఉండమన్నాడు ఫ్రెమియో. ఎలాదియో ఇంకా నిద్ర లేవలేదు. తమ్ముడు మొదటి బేస్‌కి ఎలా నడిచాడో వదిన పొద్దున్నుంచీ వీధిలో అందరికీ నడిచి చూపిస్తోంది.