చీకటి గదిలో నెమళ్ళు, మిద్దె మీద అప్పడాలు

ఆత్మకూరు, సోమవారం.

అవ్వకు అశ్విత నమస్కారాలు.

ఫోన్ చేస్తే వినపడక "ఆఁ... ఆఁ..." అని పెట్టేస్తావు. అందుకే అరవై గుడ్డ సంచులతో పాటు ఈ ఉత్తరాన్నీ బస్సు కండక్టర్‌కిచ్చి పంపుతున్నాను. మిగతా సంచులు ఇక్కడ టైలర్ లిదియమ్మ కుడుతోంది. అవి అయ్యేదాకా నేను కదలలేను.

వింజమూరు పెంచలమ్మగారి కూతురు చైత్ర పెళ్ళి ఆదివారమే. రెండు వందల తాంబూలం సంచుల మీద నెమలి బొమ్మ, వధూవరుల పేర్లు అచ్చు వేసివ్వాలి. నాకిదే మొదటి పెద్ద ఆర్డర్. ఇది చెడిందంటే ప్రింటింగ్ మూసేసి, నెల్లూరు ఎరువుల షాపులో బిల్లులు రాసుకోమన్నాడు నాయన.

కాబట్టి ఒక్కటే మాట. నా గది తలుపు తియ్యొద్దు. లోపల అచ్చు వేసే ఫ్రేములు మూడు, మందు పూసినవి ఆరుతున్నాయి. వాటికి వెలుతురు తగలకూడదు.

నీ ముద్దుల మనవరాలు,
అశ్విత

తా.క.: కిటికీ కూడా తియ్యొద్దు.

ఉదయగిరి, మంగళవారం.

చిరంజీవి అశ్వితను అవ్వ దీవించి రాసేది.

నీ జాబు అందినాది. వెలుతురు తగలకూడని పని ఏందిమే మనింట్లో? పక్కింటి ఆనందమ్మకు చదివి వినిపిస్తే, "అమ్మో వెంకమ్మా, ముందు తలుపు తియ్యి!" అనింది. తీసినాము. అంతా చీకటి. పసుప్పచ్చ బల్బు. ఏందో బంక వాసన. గోడ నిండా అట్టలు, అట్టల మీద పాత పేపర్లు, బొత్తాలు, నా పెళ్ళిచీర అంచు! దాన్ని కత్తిరించడానికి నీకు చేతులెట్లా వచ్చినాయి? మిక్సెడ్ మీడియా అని నువ్వు చెప్తా ఉంటే ఏందో చదువనుకున్నాను, ఇట్లా అన్నీ కత్తిరించి అతికించేదా?

ఇంక ఆ ఫ్రేములు. సన్నటి గుడ్డ, బిర్రుగా బిగించి ఉండాది. చీకట్లో పెడితే ఏ జన్మకు ఆరతాయి, పిచ్చిమొగమా? మూడూ మిద్దెక్కించి ఎండలో పెట్టినాను.

నీ మేలు కోరే,
వెంకమ్మ

తా.క.: ఎండ దండగెందుకని వాటి మీద అప్పడాలు పరిచినాను. భలే ఎండినాయి. ఆనందమ్మ నాలుగు తీసుకొనిపోయింది.

ఆత్మకూరు, బుధవారం పొద్దున.

అవ్వా!

నమస్కారం తర్వాత. నా కొంప ముంచావు! నీ ఉత్తరం చదివి నేను కెవ్వుమంటే లిదియమ్మ మిషన్ సూది కింద వేలు పెట్టేసింది.

ఆ గుడ్డకు పూసింది ఎండ తగిలితే గట్టిపడే మందు. నెమలి ఫిల్మ్ పైన పెట్టి, కాసేపు ఎండ చూపించి కడిగితే, బొమ్మ నీడ పడినచోట మందు కరిగిపోతుంది. రంగు అక్కడినుంచే సంచి మీదికి దిగుతుంది. ఇప్పుడు నెమలి నీడ ఎక్కడిది? నీ అప్పడాల నీడ పడింది! మందు ఇంకో చుక్క లేదు. ఇంక ఎరువుల షాపే నాకు గతి.

దండం పెడతాను, దేన్నీ ముట్టుకోకు. గురువారం రాత్రికి వస్తాను.

ఏడుస్తూ,
అశ్విత

తా.క.: ఆ అప్పడాలు తినొద్దు! ఆనందమ్మకు ఇప్పుడే చెప్పు!

ఉదయగిరి, గురువారం తెల్లారి.

బంగారు తల్లికి అవ్వ రాసేది.

పిండి అంటుకుందని నీ జాబు వచ్చేలోపే ఫ్రేములు కడిగేసినాను. అప్పడాలు పరిచినచోట పూత కరిగిపోయి గుండ్రంగా గుడ్డ తేలింది. ఆ తర్వాతే నీ జాబు చదివినాను. నా తెలివితక్కువకు నా మనవరాలు ఎరువుల వాసన పీల్చాలా? నువ్వు వసారాలో రంగు లాగేది రోజూ చూస్తానే ఉన్నాను గదా. ఎర్ర రంగు పోసి, రబ్బరు కర్రతో లాగి, అరవై సంచులూ కొట్టేసినాను.

అప్పుడే పెంచలమ్మ దిగింది. సంచి చూసి, "నెమలేది వెంకమ్మా?" అనింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "అప్పడాలు గదా ఇవి!" అని కళ్ళనీళ్ళు పెట్టుకునింది. వాళ్ళమ్మ ఉన్నప్పుడు ఏ పెళ్ళికైనా నెల ముందునుంచి ఇంట్లో అప్పడాలు ఒత్తేదే అంట. నెమలి వద్దు, పేర్లూ వద్దు, ఇవే కావాలనింది.

కాకపోతే సంచిలో బొమ్మకు తగ్గట్టు అప్పడాలు కూడా ఉండాలంట. సంచికి పది. నేను సరేనన్నాను. రెండు వేలు ఒత్తాలమ్మే, బిరీనా రా. లిదియమ్మను కూడా తోడుకోనిరా.

నడుము విరిగిన,
అవ్వ

తా.క.: ఆనందమ్మ నూనె కాగబెడతా ఉంటే పోయి లాక్కొచ్చినాను. నాతో మాట్లాడటం లేదు.

మళ్ళీ తా.క.: మీ నాయన మనసు మార్చుకున్నాడు. నెల్లూరు పోవద్దన్నాడు. ఇంటిముందర బోర్డు కూడా కట్టేసినాడు: "అశ్విత అప్పడాలు". రంగు నీ డబ్బాలోదే వాడినాడు.