సుద్దముక్కల డబ్బాలో మాత్రలు

బుజ్జీ,

కంగారు లేదు, శుభవార్తే. ముందు ఏదైనా తిని, కీళ్ల మాత్ర వేసుకో. వారానికి ఒక్కటే, ఈరోజే మళ్లీ మొదలుపెట్టమని డాక్టరమ్మ అన్నారు. మాత్రలు నా సుద్దముక్కల డబ్బాలో ఉన్నాయి. అయిపోయాయని రెండు వారాలుగా నీకు అబద్ధం చెప్పాను.

పొద్దున్నే ఆవిడ ఫోన్ చేశారు. నీ మెడ మీది గడ్డ లింఫోమా క్యాన్సర్ కాదట. ఇన్నాళ్లకి హాయిగా నిద్రపోతున్నావు, లేపబుద్ధి కాలేదు.

అమ్మకి లింఫోమా వచ్చింది ఈ మాత్రల వల్లే అనుకున్నాను. ఇవి మొదలుపెట్టకముందు పదేళ్లు అమ్మ మందే లేకుండా, వాచిన చేతులతోనే వంట చేసింది. అది మరిచిపోయాను. దాచిన సంగతి చెబితే డాక్టరమ్మ చీవాట్లు పెట్టారు: "ఏళ్ల తరబడి వాపు అదుపులో లేకపోతేనే ఆ ప్రమాదం పెరిగేది, టీచర్ గారూ. వాపు తగ్గించే మందునే దాచేస్తే ఎలాగండీ?"

"నా కీళ్లకి కూడా హాజరు వేస్తావా" అని వెక్కిరిస్తావుగా. వెక్కిరించు. సాయంత్రం వచ్చి, వేసుకున్నావా అని అడుగుతాను.

అక్క

మాత్రల సీసా మూత వదులు చేసి పెట్టాను. అమ్మ తన సీసా మూత తీసిపెట్టమంటే, "ఉండమ్మా, ఈ పేపర్లు దిద్దేసి వస్తా" అనేదాన్ని.