అద్దం బయట నుంచి రాసిన పాట

చిన్నోడా,

పిన్ని దీవెనలు. నీ రాక్ పాట విన్నాను. గిటార్ల హోరులో మాటలు అందక, మా కుట్టు షాపు అమ్మాయి చేత మళ్లీ పెట్టించుకున్నాను. సందు చివరి హోటల్లో, ఖాళీ కుర్చీకి ఎదురుగా కళ్లు మూసుకుని ఏడ్చే నీ పాటలోని ఒంటరి ఆడమనిషి నేనేనని అందరూ పోల్చేశారు.

ఇప్పుడక్కడ నాకు ముద్ద దిగడం లేదు. "మీ పుణ్యమా అని బేరం పెరిగిందమ్మా, కాస్త దిగులుగా కూర్చోండి" అంటాడు హోటలాయన. నిన్న ఎవరో పిల్ల వచ్చి, "ఏడవకండి ఆంటీ" అంటూ చెయ్యి పట్టుకుంది. అప్పటినుంచీ మనసు నిలవడం లేదు. అద్దం కనిపిస్తే చాలు, నా మొహం అంత దీనంగా ఉందా అని చూసుకుంటున్నాను.

నేను ఏడవడం లేదు నాన్నా. తినేముందు దేవుణ్ణి తలుచుకుంటాను. నీ పాట పదిమందికీ చేరాలని అడుగుతాను. ఆయన విన్నాడు, సంతోషం.

పాట మార్చమని అడగను. ఒక్కటి మాత్రం చెప్పు. హోటలు అద్దం బయట నిలబడి చూశానని పాటలో నువ్వే అన్నావు. పిన్నిని చూసి కూడా లోపలికి రాకుండా వెళ్లిపోయావే, ఆ పూట ఎక్కడ తిన్నావురా? ఎవరితో తిన్నావు?

పిన్ని