నీలం గోడ కింద ఇంగ్లీషు పాఠం

ఆదివారం, ఉదయం

ప్రియమైన అక్కకు,

నీకూ బావకూ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఈసారి మర్యాదకి రాయడంలేదు, నిజంగానే బాగున్నాం. అక్షరాలు వంకరటింకరగా ఉంటే ఏమనుకోకు, కుడిచెయ్యి ఇంకా నా మాట వినడంలేదు.

గోడకి రంగు వేస్తూ పరంజా మీంచి పడ్డాక వారాల తరబడి నాకు తెలివి లేదన్నారు కదా. నేను మాత్రం పనిలోనే ఉన్నానక్కా. ఎదురుగా నీలం గోడ. దానికి అంచే లేదు. బ్రష్షు ముంచకుండానే రంగు వస్తోంది. కిందెక్కడినుంచో నీ మరదలి గొంతు. అదీ ఇంగ్లీషులో! తనకి ఇంగ్లీషేమిటా అని నవ్వొచ్చింది.

పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ టెన్స్ అని కూడబలుక్కుని చదివేది. "షి హాడ్ బీన్ వెయిటింగ్ వెన్ ది ట్రెయిన్ కేమ్." ఆ వాక్యానికి తెలుగు అర్థం కూడా చదివేది: రైలు వచ్చేసరికి ఆమె అప్పటికే ఎదురుచూస్తూ ఉంది. మళ్లీ మొదటికి. రైలు వచ్చేసింది, ఎదురుచూపూ అయిపోయింది, ఇంకా ఈ "చూస్తూ" ఏమిటని విసుక్కుంటూ నేను రంగేసుకునేవాణ్ణి. గోడలోంచి రైలు కూత వినిపించేది.

ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచాను. ఆసుపత్రి గది. కిటికీ చువ్వలకి ఉతికి ఆరేసిన తువ్వాలు. స్టూలు మీద మీగడ కట్టిన టీ, పక్కన దువ్వెన. ఒళ్లో పుస్తకంతో నీ మరదలు కూర్చునే కునుకు తీస్తోంది. చెంపల దగ్గర జుట్టులో ఇదివరకు లేని తెలుపు. నేను ఆ క్షణానే చూశాను. కానీ అదంతా అంతకుముందెప్పుడో మొదలై, నా కోసం జరుగుతూనే ఉంది. ఆ టెన్స్ అప్పుడు అర్థమైందక్కా. పిలుద్దామంటే గొంతు రాలేదు. వేలు కదిపాను.

ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాను. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

తా.క. పరీక్ష ఎప్పుడని నిన్న తనని అడిగాను. పరీక్షా లేదు, గిరీక్షా లేదంది. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమని నర్సు చెప్పిందట. ఇంటి సంగతులు ఎత్తితే ఏడుపు ఆగేది కాదట. ఎవరో వదిలేసిపోయిన ఆ పుస్తకం కనబడితే, వ్యాకరణంలో ఏడవడానికి ఏముంటుందిలే అని అందుకుందట. ఏమీ లేదనే ఇప్పటికీ అంటోంది. కానీ ఆ రైలు వాక్యం దగ్గర ప్రతిసారీ తన గొంతు పూడుకుపోయేదక్కా. నేను విన్నాను.