చల్లారని ఇంజను

1968 జూన్ 9
స్త్రీ చేతికి స్టీరింగు రావాలని నా పత్రికలో సంపాదకీయం రాసినవాణ్ణి నేనే. అది చదివి విజయనగరంలో ఏయే మొగాళ్ళు నవ్వారో నాకు తెలుసు. ఇప్పుడు నా భార్య కాంతం, మిషన్ దొర వెళ్ళిపోతూ అమ్మిన పాత ల్యాండ్‌మాస్టర్ కారుని తనే నడుపుకుంటూ రోజూ నెల్లిమర్ల ఆస్పత్రికి వెళ్తోంది. డాక్టరమ్మ డ్రైవింగు, పక్కన గేరు మార్చడం కూడా రాని మొగుడు. సిద్ధాంతం ఆచరణలోకి రావడమంటే ఇదే. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ.

నేర్పింది మాత్రం నేను కాదు. కృపానిధి.

జూన్ 11
కృపానిధి కాంతానికి మేనత్త కొడుకు. నెల్లిమర్లలో ఒక మిల్లు ఫోర్‌మన్. చర్చిలో పాడతాడు. ఇంకా పెళ్ళి కాలేదు. ప్రతి శనివారం వచ్చి మా కారు బానెట్ ఎత్తి, నూనె చూసి వెళ్తాడు. కాంతం అతన్ని బావా అని పిలుస్తుంది.

చర్చిని కాదని నన్ను రిజిస్టర్ పెళ్ళి చేసుకున్న మనిషి ఆమె. ఆ సంగతి మరిచిపోలేదు. అయినా ఆ పిలుపు వినపడితే చాలు, చేతిలో కలం ఆగిపోతుంది. మేనరికం ఒక ఆస్తి హక్కు. పెళ్ళి జరగకపోయినా ఆ హక్కు పిలుపులో మిగిలిపోతుంది. దీని మీద వ్యాసం రాశాను. చింపేశాను. నా పత్రికకి ప్రూఫులు దిద్దేది కాంతమే.

జూన్ 15
శనివారం. బానెట్ కింద రెండు తలలు. చోక్, థ్రాటిల్, కార్బరేటర్. వాళ్ళిద్దరికీ ఒక భాష ఉంది. అందులో నాకు అక్షరాభ్యాసం కూడా కాలేదు. కాఫీ తీసుకెళ్ళాను. అన్నయ్యగారి సేతికి సిరా తప్ప ఇంకోటి అంటదే కాంతం, అన్నాడు కృపానిధి. ఆమె నవ్వింది.

నా మాటలకి ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయింది?

జూన్ 16
నూనె చూడ్డానికి ఫోర్‌మన్ దేనికి? గీతలున్న ఆ కొలత పుల్ల, డిప్‌స్టిక్, లాగాలి, తుడవాలి, దించి మళ్ళీ లాగాలి. తడి పై గీత దాకా లేకపోతే పొయ్యాలి. అంతే. నైపుణ్యం పేరుతో జరిగే పెత్తనాలన్నీ ఇలాంటివే. ఆ పని నేను చేస్తే శనివారాలు అతనికి మా గుమ్మంతో పనేముంటుంది?

నూనె డబ్బా కొన్నాను.

జూన్ 20, సాయంత్రం ఆరు
కారు వీధి మలుపు తిరిగిన చప్పుడుకే బయటికి వెళ్ళాను. ఆమె దిగీ దిగకముందే అడిగాను. ఇంత ఆలస్యమేం? ఎక్కడ ఆగావు? ఎవరు ఎక్కారు? కాన్పు కష్టమైందని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. పక్క సీటు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. ఎండ వల్లో, మనిషి వల్లో.

బానెట్ ఎత్తాను. ఇంజను కాలుతోంది. డిప్‌స్టిక్ లాగితే తడి గీతకి చాలా కింద ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఫోర్‌మన్ ఏం వెలగబెట్టినట్టు? పిసినారితనం లేకుండా పోశాను.

జూన్ 21
ఆమె రాగానే చూశాను. మళ్ళీ తక్కువే. పోశాను.

జూన్ 22
కృపానిధి వచ్చాడు. నూనె సంగతి నేను చూసుకుంటున్నాను, మీకు శ్రమ వద్దన్నాను. మంచిదే అన్నయ్యా అని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అతని కాఫీ కాంతం పారబోసింది.

గెలిచాను. గెలుపు ఇంత చప్పగా ఉంటుందా?

జూన్ 27
రోజూ తక్కువే. రోజూ పోస్తున్నాను.

జూలై 4
కారు వెనక నీలం పొగ. మిట్ట ఎక్కాలంటే క్షయరోగిలా దగ్గుతోంది.

జూలై 6
కాంతమే కబురు పెట్టింది. కృపానిధి ఎయిర్ క్లీనర్ విప్పాడు. గాలి మాత్రమే వెళ్ళాల్సిన చోట నల్లటి నూనె. కార్బరేటర్ గొంతు నిండా అదే. వేలు పెట్టి తీసి చూపించాడు. ఇంజను లోపలి ఆవిరిని బయటికి వదిలే గొట్టం ఒకటి ఉందట, బ్రీదర్. అది ఎయిర్ క్లీనర్‌కే కలుస్తుందట. నూనె అందులోంచే వస్తోందన్నాడు.

నూనె తగ్గుతోందా అని నన్ను అడిగాడు. రోజూ తగ్గుతోంది, రోజూ నేనే పోస్తున్నాను అన్నాను. గర్వంగానే అన్నాను. అతని మొహం మారింది. పిస్టన్ రింగులు పోయాయి, ఇంజను నూనె తాగేస్తన్నాది, దింపాల్సిందే అన్నాడు. నెల్లిమర్లలో అతని షెడ్డులో. నెల పైన పడుతుందట.

అయితే అన్నాళ్ళూ ఆస్పత్రి గదిలో ఉంటాను అంది కాంతం. ఆ గది కృపానిధి ఇంటికి రెండు గుమ్మాల అవతల. వాళ్ళమ్మ అన్నం పంపుతుందట. ఎంత తొందరగా కుదిరిపోయాయి అన్నీ!

జూలై 7
కాంతం పెట్టె సర్దింది.

నేను ఊరుకోలేదు. వెళ్ళు, మీ బావ దగ్గరే ఉండు, రింగులు పోయింది కారుకి కాదు, మన సంసారానికి అన్నాను. ఇంకా చాలా అన్నాను. వేదిక మీద ప్రత్యర్థిని కూడా అలా అనలేదు ఎప్పుడూ. ఆమె చీర మడతపెట్టడం ఆపలేదు.

"ఆ మాట మీ పత్రికలో ఎక్కడ అచ్చేశారో సూపించండి. ప్రూఫు నేను దిద్దినట్టు గేపకం లేదు."

పాత సంచికల దొంతర వైపు చూశాను. ఇరవయ్యేళ్ళుగా వాదనలే తిండిగా బతుకుతున్నవాణ్ణి.

జూలై 8, ఉదయం
కారు తీసుకెళ్ళడానికి కృపానిధి వచ్చాడు. పెట్టె గుమ్మంలో ఉంది. అతను తాళం తిప్పబోతుంటే కాంతం ఆపింది. రోగిని చూసినట్టు బండి చుట్టూ తిరిగింది. పొగ ఎప్పుడు మొదలైంది, దగ్గు ఎప్పుడు మొదలైంది అని తనలో తనే లెక్క చూసుకుంది. బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగింది. రాత్రంతా కదలని, చల్లటి ఇంజను. తడి పై గీత దాటి చాలా పైకి ఉంది.

"నూనె తాగేసే ఇంజనైతే నూనె తగ్గాల గదా బావా. పెరిగిందేటి?"

కృపానిధి డిప్‌స్టిక్ అందుకుని చూశాడు. అన్నయ్య మాట నమ్మి శనివారం గీత చూడలేదని తర్వాత ఒప్పుకున్నాడు. కాంతం నా వైపు తిరిగింది. మందు అన్నానికి ముందా తరవాతా అని పేషెంటుని అడిగినట్టే అడిగింది, నూనె ఎప్పుడు చూస్తున్నారని. నువ్వు రాగానే అన్నాను.

బండి ఆగిన వెంటనే నూనె ఇంకా ఇంజను పై భాగాల్లోనే ఉంటుందట. కిందికి దిగడానికి టైము పడుతుందట. అప్పుడే చూస్తే తక్కువే కనిపిస్తుంది. నేను పోసిందంతా ఎక్కువ. లోపల గిర్రున తిరిగే ఇరుసు, క్రాంకు, దాన్ని నురగ చిలికింది. బ్రీదర్ ఆ నురగని ఎయిర్ క్లీనర్‌లోకి కక్కింది.

కృపానిధి కింద బిరడా తిప్పి నూనె వదిలాడు. నా అనుమానమంతా పళ్ళెంలోకి దిగుతున్నట్టుంది. ఎయిర్ క్లీనర్ కిరసనాయిలుతో కడిగాడు. స్టార్ట్ చేస్తే కొంచెంసేపు పొగ వచ్చి, ఆగిపోయింది.

కాంతం చేతులు తుడుచుకుంది.

"ఇంటికొచ్చిన వెంటనే సూడకండి. కాసేపు ఆగండి."

కారు గురించే అంది. కృపానిధి వింటున్నాడు కాబట్టి కారు గురించే.

పెట్టె లోపలికి వచ్చింది. విప్పలేదు.

జూలై 10, సాయంత్రం
కారు వచ్చింది. ఆలస్యంగానే. కుర్చీలోంచి లేవలేదు. బయట ఇంజను టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది. లోపల పెట్టె మూత తెరిచిన చప్పుడు.

ఎక్కడ ఆగావని ఇంకా అడగలేదు.